చుక్క ఏ చెంపకు

ఎల్లేశ్ నాతోని మాట్లాడిన మొదటి మాట, "కనుబొమ్మ తప్పు." పేరు అడగలే, ఊరు అడగలే, నమస్తే గూడ లేదు. గిసొంటోని మీద మనసు పడతవని అప్పుడెవలన్న చెప్పుంటే, వాళ్ళతోని మాట్లాడుడే బంద్ చేసేదాన్ని.

భూపాలపల్లిల యువజనోత్సవం అది. నేను బ్యూటీషియన్ డిప్లొమా చదువుతున్న. మేకప్ పోటీల మా దోస్తు సౌందర్యను కుర్చీల కూసోబెట్టి, భాగోతంల రాక్షసరాజు మొఖం ఏసిన. ఇన్‌స్టాల ఒక మేళం వీడియో చూసి ఏసిన లుక్కు. పసుపుపచ్చటి మొఖం, చెవుల దాక సాగిన నల్లటి కనుబొమ్మలు, నుదుట ఎర్రటి బొట్టు, మూతికి రెండు దిక్కుల తెల్ల కోరలు. రెండో ప్రైజొచ్చింది. షీల్డ్ పట్టుకొని స్టేజీ దిగుతుంటే ఈయన అడ్డమొచ్చిండు. సన్నగ, పొడుగ్గ, తెల్ల అంగి మీద ప్రింటింగ్ ఇంకు మరకతోని.

"ఏమన్నరు?"

"కనుబొమ్మ తప్పు అన్న. మీరేసిన దాంట్ల కోపమున్నది. మా నాయిన కనుబొమ్మల కోపముండదు, పొగరుంటది."

"మీ నాయినెవరు?"

"మీరు కాపీ కొట్టిన మొఖం."

సౌందర్య కిసుక్కున నవ్వింది. దాని మొఖానికున్న కోర కింద పండ్లు కనబడ్డయి. నాకు ఒళ్ళు మండింది.

"కాపీ కాదు. రీక్రియేషన్ అంటరు. మా కోర్సుల అదొక సబ్జెక్టు."

"అట్లనా? మరి చుక్క ఏది?"

"ఏ చుక్క?"

"అది గూడ తెల్వకుంటనే ఏసినవా?" మీరు పోయి నువ్వొచ్చింది. "వీడియోల కనబడదు తియ్యి. కిరీటం కింద దాక్కుంటది."

ఏందో చెప్పకుంటనే మర్లి పోయిండు. రెండో ప్రైజు షీల్డు ఇంటికి తెచ్చిన గని, ఆ చుక్క మీదనే సోయంత. మా బాపు పోశాలు, బొగ్గు బాయి డ్యూటీ దిగి వచ్చి అన్నం తినుకుంట షీల్డును తిప్పి తిప్పి చూసి మురిసిండు. నేను మాత్రం ఫోన్ల ఆ మేళం వీడియోలన్నీ ఆపి ఆపి, పెద్దగ చేసి చేసి చూస్తనే ఉన్న. చుక్క లేదు.

ఆ మేళం ఇన్‌స్టా పేజీకే మెసేజ్ పెట్టిన. "చుక్క లేదు. అబద్ధం చెప్పినవ్."

"ఉన్నది," అని రిప్లై. పేజీ నడిపేది ఆయనేనట. వెనుకనే ఇంకోటి. "ఇంక నిద్రపోలేదా?"

"పొగరు కనుబొమ్మ ప్రాక్టీస్ చేస్తున్న."

"ఫొటో పెట్టు. మార్కులేస్త."

పెట్టిన. నాలుగు మార్కులేసిండు. తెల్లారి ఇంకోటి పెట్టిన. మల్ల నాలుగే. అట్ల మొదలైంది మా ముచ్చట. ఆయనది తొర్రూరు. అక్కడ ఫ్లెక్సీల షాపుల డిజైనర్. పెండ్లిండ్ల ఫ్లెక్సీలల్ల పిల్లగాండ్లను తెల్లగ చేసుడు, పుట్టినరోజు ఫ్లెక్సీలల్ల పెద్దమనుషులకు మీసాలు నల్లగ చేసుడు ఆయన పని. "అంటే నువ్వు గూడ మేకప్పే చేస్తున్నవ్," అన్న నేను. "కంప్యూటర్ల," అన్నడు. కోపమొచ్చినట్టు ఒక బొమ్మ పెట్టి, దాని పక్కన నవ్వే బొమ్మ పెట్టిండు.

సెలవులల్ల మేళం ఎంట పోయి వాళ్ళ నాయిన వీరయ్యకు రంగేస్తడు. అంతకుముందు వాళ్ళమ్మ ఏసేదట. ఎల్లేశ్ ఐదో తరగతిల ఉండంగ ఆమె జరమొచ్చి పోయింది. ఆ సంవత్సరమే ఈయన కుంచె పట్టిండు.

"అంత చిన్నగున్నప్పుడా? ఎవలు నేర్పిండ్రు?"

"ఎవ్వలు నేర్పలే. అమ్మ రంగేస్తుంటే నాయిన ఎనుక నిలబడి అద్దంల చూసేటోన్ని. అట్లనే వచ్చింది."

ఒకసారి వాళ్ళ నాయినతోని దిగిన సెల్ఫీ పంపిండు. మొఖానికి రంగున్నది గని ఇంక కిరీటం పెట్టుకోలే. ఆయన పక్కన ఎల్లేశ్ పండ్లికిలించుకుంట. నిజం చెప్పాల్నంటే నేను రాక్షసరాజును ఎక్కువ చూడలే. పక్కోన్నే చూసిన.

"ఆరు మార్కులు రావాల్నంటే ఏం చెయ్యాలె?" అని అడిగిన ఒకనాడు.

"మా నాయినను ఎదురంగ చూడాలె. రేగొండల ఆటున్నది, వస్తవా?" అన్నడు. జరసేపాగి మల్ల టైపు చేసిండు. "మా నాయినకు మోకాళ్ళు పోయినయి. ఇదే ఆఖరి ఆట. రేగొండ మా అమ్మ పుట్టిన ఊరు. ఆఖరాట ఆమె ఊర్లనే ఆడతనని మొక్కుకున్నడు. ఆ తర్వాత నుంచి ఆ వేషం నేను కట్టాలె."

"నేనెందుకు అక్కడ?"

"చుక్క చూపిస్త."

ఇగ పోకుంట ఎట్ల ఉంట?

ఆట రోజు పొద్దున్నుంచే వాన. మా క్వార్టర్ల ముందట పిల్లలు మోకాల్లోతు నీళ్ళల్ల ఎగురుతుండ్రు. నేను మంచం మీద చీరలు పరిచి, ఏది కట్టుకోవాల్నో తెల్వక పరేషాన్ల ఉన్న. గప్పుడొచ్చింది ఎల్లేశ్ ఫోన్. మెసేజ్ కాదు, ఫోన్.

"గీతాంజలీ, నీ మేకప్ బాక్సు పట్టుకొని ఇప్పుడే రేగొండ పోతవా?"

"ఏమైంది?"

"పరకాల దాటినంక వాగు పొంగింది. పోలీసోళ్ళు తాడు కట్టి ఆపిండ్రు. మేళం పొద్దుగాలనే పోయింది. రంగుల పెట్టె మాత్రం నా బండి మీదనే ఉన్నది, రాత్రంత కూసోని కొత్తగ నూరిన రంగులు." వాన సప్పుడుకు గొంతు పెంచిండు. "నాయినకు చేతులు వణుకుతయి, సొంతంగ ఏసుకోలేడు. మిగిలినోళ్ళకు ఆ మొఖం రాదు. పౌడరు కొట్టుకొని ఎక్కుతనంటుండు. ఆఖరాట, అమ్మ ఊర్ల, పౌడరు మొఖంతోని ఆడొద్దు."

ఆయన అట్ల అడుగుడు నేను ఎన్నడు ఇనలే. నవ్వించాల్నని అన్న, "అంటే నన్ను కాపీ కొట్టమంటున్నవా?"

"రీక్రియేషన్," అన్నడు చిన్నగ.

చీరలన్నీ మంచం మీద అట్లనే ఇడిసిపెట్టిన. బాపు స్కూటర్ తీసిండు. నా బాక్సుకు బాపు డ్యూటీ రెయిన్‌కోటు చుట్టి, మేమిద్దరం తడుసుకుంట పోయినం. "ఎవలు బిడ్డా ఈ ఎల్లేశు?" అని ఒక్కసారే అడిగిండు. "మార్కులేసేటోడు," అన్న. బాపు ఇంకేమడగలే గని, స్కూటర్ స్పీడు జర తగ్గించిండు.

వానకు ఆటను ఫంక్షన్ హాల్లకు మార్చిండ్రు. పక్కన వంటగదిల ప్లాస్టిక్ కుర్చీ మీద వీరయ్య కూసున్నడు. రంగు లేకుంట చూస్తే మామూలు ముసలాయన. బక్క పానం, తెల్ల బనీను, మోకాళ్ళకు పట్టీలు. పక్కన ఆయన వదిన చిలుకమ్మ, అంటే ఎల్లేశ్‌కు అదే ఊర్ల ఉండే పెద్దమ్మ, చాయ్ గిలాస పట్టుకొని నిలబడ్డది.

"నువ్వేనా బిడ్డా, మా వానికి కోపం తెప్పించిన పిల్లవు?" అన్నడు.

"కోపమొచ్చిందా ఆయనకు, పెద..."

పెదనాయినా అనబోయి నాలుక కర్సుకున్న. అట్ల పిలిస్తే ఎల్లేశ్ నాకు అన్న అయితడు. "మామా," అన్న. చిలుకమ్మ నన్నొకసారి కింది నుంచి మీది దాక చూసి, నవ్వు దాసుకునేటందుకు చాయ్ గిలాస మూతికి అడ్డం పెట్టుకున్నది.

"కోపమో ఏందో. ఆనాటి సంది ఫోన్ చూసుకుంట నవ్వుతనే ఉన్నడు," అన్నడు వీరయ్య. "సూడు బిడ్డా, మొఖానికి రంగు పడ్డంక, మల్ల రంగు తీసేదాక నేను సొంత మాట మాట్లాడ. ఆట మాటలే. మా ఇంట్ల పద్ధతి. ఏమన్న అడిగేదుంటే ఇప్పుడే అడుగు."

"మీ కనుబొమ్మల పొగరెక్కడుంటది మామా?"

ఆయన నవ్వలే. ఎడమ కనుబొమ్మ ఒక్కటి మెల్లగ లేసింది. "పొగరా? నాకా? ఎవడన్నడు?" అన్నడు.

గదీ. నెల దినాలు నేను రెండు కనుబొమ్మలు సమానంగ లేపి గీసుకుంట కూసున్న. అందుకే నాలుగు మార్కులు.

ఇంకో గంటల ఆట మొదలైతది. పని మీద పడ్డ. మొదట్లనే దెబ్బతిన్న. నా బాక్సుల ఉన్నయన్నీ పెండ్లికూతుర్ల రంగులు. ఏ ఫౌండేషన్ కలిపినా ఆ పచ్చదనం రాలే. వాళ్ళ పెట్టెల అర్దళమని ఒక పచ్చ రాయి నూరిన పొడి ఉంటది, అది వాగవతల ఉన్నది. చిలుకమ్మ చూసి చూసి, "ఇంట్ల పసుపుంది, తేవాల్నా?" అన్నది.

"తే అత్తమ్మా. కొబ్బరినూనె, కుంకుమ గూడ తే."

పసుపు ముద్ద చేసి, పౌడరు కలిపి, నూనెతోని మెత్తగ చేసి రాస్తే మొఖం ఎలిగింది. చెమటకు కారకుంట మీద నా సెట్టింగ్ స్ప్రే కొట్టిన. కుంకుమల లిప్‌స్టిక్ కలిపి బొట్టు. జెల్ లైనర్‌తోని కనుబొమ్మలు, ఎడమది జర మీదికి. ఎల్లేశ్ వీడియో కాల్ల వస్తుండు, పోతుండు. వచ్చినప్పుడల్ల తడిసిన మొఖం, ఎనుక ఎర్రటి వాగు నీళ్ళు.

"కోర జర లావుగ. ఆ, గంతే. ఇంక..." అని నెట్‌వర్క్ ఆగి మల్ల వచ్చింది. "చుక్క మర్చిపోకు. చెంప మీద, చెవి కిందికి, కాటుకతోని. మా అమ్మ పెట్టేది. దిష్టి చుక్క."

"రాక్షసునికి దిష్టి చుక్కనా?"

"రాక్షసుడు జనాలకు. మా అమ్మకు మొగడు."

కాల్ కట్టయింది. మల్ల కలవలే. నాకు ఎవల్ని అడగాల్సిన పని గూడ లేకుండె. ఆయన పంపిన సెల్ఫీ ఉన్నది కదా. తీసి పెద్దగ చేసిన. ఆహా, ఉన్నది. చెవి కింద, ఆవగింజంత. ఇన్ని దినాలు పక్కోన్ని చూసుకుంట దీన్ని చూడలే. ఫొటోను ఆయన మొఖం పక్కన పట్టి, ఎటు దిక్కున్నదో అటు దిక్కే పెట్టిన. ఎవలో ఒకామె తన మొగన్ని ఎంత మంచిగ చూసుకున్నదో, ఆ ఒక్క చుక్కల ఉన్నది.

అద్దం ఇచ్చిన. వీరయ్య చూసుకున్నడు. కనుబొమ్మలు చూసి తలాడించిండు. మెల్లగ మొఖం పక్కకు తిప్పిండు. చెయ్యి చెంప దాక పోయి ఆగింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"ఏమైంది మామా? తప్పయిందా?"

మాట్లాడలే. మాట్లాడడు కదా. కారిన కాడ టిష్యూతోని అద్ది, మల్ల పసుపు సరిచేసిన. కిరీటం పెట్టిండ్రు.

హాల్ల మద్దెల మోగంగ తలుపు తెరుసుకొని ఎల్లేశ్ వచ్చిండు. వాగు తగ్గినంక ట్రాక్టర్ మీద దాటించిండ్రట. రంగుల పెట్టె నెత్తి మీద పెట్టుకొని, మొత్తం తడిసి, నిలబడ్డ కాడ మడుగయింది. వాళ్ళ నాయినను చూసి అట్లనే ఉండిపోయిండు. దగ్గరికొచ్చి, చెవుల మీదికి దిగిన కిరీటం అంచు జర లేపి చూసిండు. మొఖం మాడిపోయింది.

"ఉల్టా పెట్టినవ్," అన్నడు. "చుక్క ఎడమ చెంపకుండాలె. కుడికి పెట్టినవ్."

"ఫొటోల ఎట్లున్నదో అట్లనే పెట్టిన."

"ఏ ఫొటో?"

"నువ్వు పంపిన సెల్ఫీ."

"సెల్ఫీల ఎడమ కుడి అయితది, కుడి ఎడమ అయితది. మేకప్ చదువుతున్నవ్, అది తెల్వదా?"

తెలుసు. క్లాసుల మొదటి వారమే చెప్పిండ్రు. ఆ ఒక్క నిమిషంల మర్చిపోయిన.

ఎల్లేశ్ తన అంగి కొస పట్టుకొని చుక్క తుడవబోయిండు. వీరయ్య గభాలున ఆయన మణికట్టు పట్టుకున్నడు. గట్టిగ పట్టుకున్నడు. కొడుకు కండ్లల్లకు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగ ఊపిండు. చెయ్యి ఇడిసి, మోకాళ్ళ పట్టీలు సరిచేసుకొని, స్టేజీ మీదికి పోయిండు.

మేమిద్దరం తెర పక్కన నిలబడ్డం. వాళ్ళమ్మ గుర్తు, ఆఖరి దినాన, నా చేతుల పాడయింది. నాకు ఏడ్పొచ్చింది, ఆపుకోలే గూడ. "నేను రాకుండ ఉండాల్సిండె," అన్న.

ఆయన నా దిక్కు తిరిగిండు. "నువ్వు రాకుంటే పౌడరు మొఖమే," అన్నడు. మెడల ఉన్న తడి తువ్వాల తీసి ఇచ్చిండు. దాంతోని మొఖం తుడుసుకుంటే ఇంకింత తడిసింది. "నీ మీద ఒర్రుడు తప్పయింది. సెల్ఫీ పంపింది నేనే కదా."

స్టేజీ మీద వీరయ్య ఎడమ కనుబొమ్మ లేపి ముందు వరుసను చూసిండు. వాళ్ళ అత్తగారి ఊరోళ్ళందరు అక్కడ కూసున్నరు, వాళ్ళ నడుమ మా బాపు గూడ. హాలంత ఈలలు. ఆ మోకాళ్ళతోని ఆయన ఎట్ల ఎగిరిండో నాకు ఇప్పటికి తెల్వదు.

"కనుబొమ్మ?" అని అడిగిన ముక్కు ఎగబీల్సుకుంట.

"పొగరున్నది."

"ఎన్ని మార్కులు?"

"ఇప్పుడు చెప్ప," అన్నడు. గని ఆయన భుజం నా భుజానికి తగిలే దాక జరిగిండు. నేను జరగలే.

ఆట అయినంక వంటగదిల చిలుకమ్మ కొబ్బరినూనెతోని రంగు తీసింది. పచ్చదనమంత పోయింది గని, చుక్క కాడ మాత్రం ఆమె చెయ్యి ఆగింది. "ఇది కుడి చెంపకు చూసి ఎన్నేండ్లాయె మరిదీ," అన్నది.

ఎల్లేశ్ ఆమె దిక్కు చూసిండు. "అంటే ఏంది పెద్దమ్మా?"

వీరయ్య అప్పుడు నోరు తెరిచిండు. ఆ రోజు రంగు పడ్డంక ఆయన మాట్లాడిన మొదటి సొంత మాట అది.

"మీ అమ్మ కుడికే పెట్టేది రా."

"కాదు నాయినా. నేను రోజు చూసిన. ఎడమ దిక్కే..."

"ఎక్కడ చూసినవ్?"

"నీ ఎనుక నిలబడి. అద్దంల..." అని ఎల్లేశ్ ఆగిపోయిండు.

"అద్దంల నీకు ఏ దిక్కు కనబడ్డదో, నా ఎదురంగ కూసోని గూడ ఆ దిక్కే పెట్టినవ్. ఎదురంగ కూసుంటే అటుది ఇటైతది కదా."

బయట వాన చినుకులు రేకుల మీద పడుతున్నయి.

"మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె బిడ్డా? అమ్మ పోయి నెల గాలే. చిన్న పోరనివి. ఏడ్చుకుంట కుంచె పట్టినవ్, ఏడ్చుకుంట చుక్క పెట్టినవ్. ఇది తప్పు, ఆ చెంపకు పెట్టు అని నా నోటితోని అననా? నువ్వు పెట్టింది గూడ దిష్టి చుక్కనే కదా అనుకున్న. ఎడమ చెంప కొడుకుదని అనుకున్న." వీరయ్య నా దిక్కు తిరిగిండు. "ఇయ్యాల అద్దంల చూసుకుంటే అది నా పెండ్లాం పెట్టిన కాడ ఉన్నది. ఎవలు చెప్పిండ్రు బిడ్డా నీకు?"

"ఎవ్వలు చెప్పలే మామా. తప్పు చేసిన."

"మంచి తప్పు చేసినవ్," అన్నడు.

ఎల్లేశ్ అట్లనే కింద కూసోని వాళ్ళ నాయిన మోకాళ్ళ మీద తల పెట్టిండు. ఆయన ఏడుస్తుండని నాకు భుజాలు చూసి తెలిసింది. చిలుకమ్మ నన్ను బయటికి తీస్కపోబోయింది గని, ఎల్లేశ్ తల ఎత్తకుంటనే నా చున్నీ కొస పట్టుకున్నడు. ఇగ నేనేడికి పోత.

జరసేపైనంక లేసి మొఖం కడుక్కొని, మా బాపు ఎదురంగనే, చిలుకమ్మ ఎదురంగనే అన్నడు. "గీతాంజలీ, నాకు నువ్వంటే ఇష్టం. మార్కులేసిన మొదటి దినం సందే. నాలుగు గాదు, అప్పుడే తొమ్మిది ఎయ్యాల్సిండె. ఎక్కువేస్తే ఫొటోలు పంపుడు ఆపుతవని ఎయ్యలే."

నాకు కోపం రావాలె. రాలే. "నాకు తెలుసు," అన్న. అబద్ధం అది, నాకేం తెల్వదు. "నాకు గూడ ఇష్టమే. ఎక్కువ మార్కులు రావద్దని కనుబొమ్మ కావాల్నని తప్పు గీసిన." అది గూడ అబద్ధమే గని సగం.

బాపు గొంతు సవరించుకొని, రెయిన్‌కోటు దులుపుకుంట తలుపు కాడికి పోయి నిలబడ్డడు. ఏమంటడో అని ఆయననే చూస్తున్న. "వానకు స్కూటర్ స్టార్టయితదో కాదో," అన్నడు. "వీరన్నా, జర చాయ్ తాగి పోతం. మాట్లాడుకునేటివి గూడ ఉన్నట్టున్నయి కదా."

చిలుకమ్మ చాయ్ పెట్టింది. అందరు గిలాసలు పట్టుకున్నంక వీరయ్య కిరీటం చేతులకు తీసుకొని కొడుకు ఒళ్ళె పెట్టిండు.

"వచ్చే ఆట నుంచి వేషం వీనిది," అన్నడు నన్ను చూసుకుంట. "మరి వీనికి రంగు ఎవలేస్తరు బిడ్డా? సొంతంగ ఏసుకొమ్మంటే అద్దం చూసుకుంట మల్ల ఉల్టా పెట్టుకుంటడు."

చిలుకమ్మ కాటుక డబ్బ నా చేతుల పెట్టింది. అందరు నన్నే చూస్తుండ్రు. నేను లేసి ఎల్లేశ్ ఎదురంగ కూసున్న. వేలితోని కాటుక తీసిన.

"ఏ చెంపకు పెడతవ్?" అని అడిగిండు మెల్లగ.

కుడి చెంప వాళ్ళమ్మది, వాళ్ళ నాయినకు పెట్టింది. ఎడమ చెంప ఆ చిన్న పోరనిది, ఏడ్చుకుంట మొదలుపెట్టి అన్నేండ్లు పెట్టింది. నేను గడ్డం పట్టుకొని ఆయన తల జర వంచి, చెవి కిందికి, ఎడమ చెంపకు పెట్టిన.

"ఉల్టా పెట్టినవ్," అన్నడు నవ్వుకుంట. కండ్లు తడిగనే ఉన్నయి.

"కాదు మామ కొడుకా," అన్న. "చూసే పెట్టిన."